ఉప్పు మానేసిన ఏడాది

ఆ రోజుల్ల రోగమంటే కంటికి కనవడేది. కాలు విరిగితే కట్టు కనవడేది, చలిజరమొస్తే గొంగడి కప్పుకొని వణుకుడు కనవడేది, అమ్మవారు పోస్తే గుమ్మానికి కట్టిన వేపమండ కనవడేది. నిలువుగ నిలబడి, నవ్వుకుంట, బీడీ తాగుకుంట తిరిగే మనిషికి లోపల రోగముంటదంటే నమ్మే కాలం కాదది. ఇప్పుడు మా గల్లీల ఇంటికొక బీపీ మిషిను ఉన్నది. పెండ్లిళ్ళల్ల కలిసినోళ్ళు పిల్లల సంగతి అడిగినట్టే "మీకెంతుంటది, మాకింతుంటది" అని మాట్లాడుకుంటున్నరు. నాకు మాత్రం అది రాగూడని వయసుల, రాగూడని జాగల, రాగూడని కాలంల వచ్చింది. వయసు పాతికలోపు, జాగ అమ్రాబాదు, కాలం రజాకార్ల కాలం. (వీటిల్ల ఏ ఒక్కటి తప్పినా నేను గింత చెప్పుకునేది ఉండకపోవు.)

నాది కేతేపల్లి. మా బాపు పట్టుబట్టి ఉర్దూ చదివించిన పుణ్యాన జంగ్లాత్ కచేరిల, అంటే అడవి ఆఫీసుల, చిన్న గుమాస్తా కొలువు దొరికి, నల్లమల మీదున్న అమ్రాబాదుకు పోయి పడ్డ. మా దిక్కు ఊర్లన్ని సంగపోళ్ళు, రజాకార్లు, మిలిట్రీ అని అట్టుడుకుతున్నయి. ఉత్తరం రాస్తే చేరుడు నమ్మకం లేదు, చేరితే జవాబొచ్చుడు నమ్మకం లేదు. అమ్రాబాదుల నేను కిరాయికున్న అర్ర ఒక ముసలామె ఇంటికి ఆనుకొని ఉండె. ఆమె భర్త జంగ్లాత్ జవాను, అడవిల జరమొచ్చి ఎన్నడో పోయిండు. పిల్లలు లేరు. ఊరంత ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మ, అనేది, నేనూ ఖాలా అనే పిలిచేది. మా రెండు జాగల నడుమ రొమ్ముల ఎత్తు గోడ. పొద్దుగూకే యాళ్ళకు ఆ గోడ మీదికి ఒక గిన్నె వచ్చేది. గిన్నెల ఏదో ఒకటి, ఖట్టి దాలో, గోంగూర వేసిన మటనో, చింతచిగురు కూరనో. నేను తిని, గిన్నె కడిగి మళ్ళ గోడ మీద పెట్టేది. ఆ ఊర్ల నన్ను యాది చేసుకునే మనిషి ఒకరున్నరని ఆ గిన్నె చెప్పేది.

శివరాత్రి పోయినంక ఒక పొద్దుగాల కచేరిల రాసుకుంట కూసున్న. దరఖాస్తు మీద సర్కారు మొహరు ముద్ర పక్కన ఎర్రగ ఇంకో మొహరు పడ్డది. చూస్తే అది నా ముక్కుల నెత్తురు. చల్లనీళ్ళు పోసిన్రు, ఉల్లిగడ్డ వాసన చూపిచ్చిన్రు, తలకిందికి వేలాడదీద్దామని గూడ ఒకాయన అన్నడు గని రేంజరు సాబు ఒప్పుకోలే. రెండు దినాలకు మళ్ళ కారింది. అప్పుడు రేంజరు సాబే సెలవిచ్చి "మహబూబ్‌నగర్ దవాఖానకు పో" అన్నడు. ఎడ్లబండి మీద అచ్చంపేట దిగి, అక్కడికెల్లి బొగ్గుతోని నడిచే బస్సెక్కి పోయిన.

డాక్టర్ సాబ్ హైద్రాబాదుల చదివినాయన. సన్నగ, నెమ్మదిగ ఉండేటోడు. నా దండచేతికి ఒక బట్ట చుట్టి, రబ్బరు బుర్ర పిసికి, డబ్బల పైకెక్కుతున్న పాదరసం దిక్కు చూసిండు. బట్ట ఇప్పిండు. మళ్ళ చుట్టిండు. మళ్ళ చూసిండు.

"ఈ వయసుల ఇంతనా" అని ఆయనల ఆయనే అనుకొని, "ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా ఇది" అని అడిగిండు.

"ఏది సాబ్?"

"ఖూన్ దబావ్. నెత్తురు పోటు. మీ అమ్మకో, నాయినకో."

"మా బాపు మంచిగనే ఉన్నడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నెత్తి పగిలిపోతాందని గోడకు ఒరిగిందట. మళ్ళ లేవలేదట."

ఆయన నా దిక్కు కుర్చీ జరుపుకొని చెప్పిండు. "చూడు, దీనికి నొప్పి ఉండది. నొప్పి లేదని నువ్వు మరిచిపోతవు. గదే దీంతోని వచ్చే ముప్పు. ఉప్పు తక్కువ చెయ్యి. బీడీ బంద్ చెయ్యి. పగటిపూట జర సేపు ఒరుగు, పొద్దుమూకి నడువు. కోపం వద్దు, ఫికర్ అసలే వద్దు. దగ్గరోళ్ళకు చెప్పు, ఒక్కనితోని అయ్యే పని కాదిది."

ఫికర్ వద్దని ఆయన అంటున్నప్పుడే బయట సడక్ మీద ఒక లారీ నిండ మంది నినాదాలు ఇచ్చుకుంట పోయిన్రు. డాక్టర్ సాబ్ లేచి, కిటికి మూసి, మళ్ళొచ్చి కూసున్నడు. "నేను గూడ గదే ప్రయత్నం చేస్తున్న" అన్నడు.

దార్ల బస్సుల కూసోని నేను ఆలోచించింది ఆయన చెప్పినవాటి గురించి కాదు, మా అమ్మ గురించి. ఆ గోడకు ఒరిగిన సంగతి ఎన్నిసార్లు విన్ననో గని అది నాకు సంబంధించిన ముచ్చట అని ఎన్నడూ అనుకోలే. భయంతోని నేను చేసిన మొదటి పని, డాక్టరు తక్కువ చెయ్యమన్న ఉప్పును మొత్తానికే మానేసుడు. రెండో పని, దగ్గరోళ్ళకు చెప్పమంటే ఎవ్వరికీ చెప్పకపోవుడు. బాపు అప్పుడే నకిరేకల్ దిక్కు నాకు సంబంధం చూస్తున్నడు. పిలగాని నెత్తురుల ఏందో ఉన్నదట అని ఒక్క మాట పొక్కితే, పిల్లనిచ్చుడు కాదుగదా పిల్లిని గూడ ఇయ్యరు. అందుకని నోరు మూసుకున్న.

ఉప్పు లేని పప్పు ఎట్లుంటదో తిననోళ్ళకు చెప్పుడు కష్టం. వానకు తడిసిన మట్టిగోడను నాకినట్టు ఉంటది. మొదటి దినం ఓర్చుకున్న. రెండో దినం పప్పుల ఇంత కారం ఎక్కువేసిన, అప్పుడు మండుతున్న మట్టిగోడ అయింది. కచేరి వరండాల నలుగురం కలిసి పగటి బువ్వ తినేది, ఒకరి కూర ఒకరు తీసుకునేది. నేను తీసుకోకపోతుంటి, ఇయ్యకపోతుంటి. నా పప్పు ఒకసారి రుచి చూసిన మా చప్రాసి నా మొఖం దిక్కు చూసి "ఎవరన్న సచ్చిపోయిన్రా సార్ ఇంట్ల" అని అడిగిండు. (ఆయనకు మేం పెట్టుకున్న పేరు రేడియో. ఊర్ల ఏం జరిగినా ముందుగాల ఆయన నోట్లెకెల్లే వచ్చేది.) తర్వాత నేను వేరే మూలకు పోయి తినుడు మొదలుపెట్టిన. అలవాటైనంక వాళ్ళూ పిలుచుడు మానేసిన్రు.

వరండాల తప్పిచ్చుకోవచ్చు గని, గోడ మీది గిన్నెను ఎట్ల తప్పిచ్చుకోవాలె? సోమవారం వచ్చిన గిన్నెకు శివుని పేరు చెప్పిన. శనివారం వెంకటేశ్వర్లు ఆదుకున్నడు. గురువారానికి, ఏకాదశికి గూడ దేవుళ్ళు దొరికిన్రు. మిగిలిన వారాలకు నా దగ్గర దేవుళ్ళు ఒడిసిపోయి పంటినొప్పి అన్న. ఆ మర్నాడే గోడ పక్కన నిలబడి జామకాయ కొరుకుతుంటె ఖాలా చూసింది. రెండు దినాలు గిన్నె రాలేదు. మూడో దినం గోడ మీద పచ్చి వంకాయలు కనవడ్డయి. పచ్చి వంకాయల్ల ఉప్పుండది గదా, నేను సంబురపడి "శాన మంచిగున్నయి ఖాలా" అని తీసుకపోయి ఉప్పు లేకుండ వండుకున్న. ఆ దినంకెల్లి ఇంక గిన్నెలూ రాలే, వంకాయలూ రాలే. నా బాధ తప్పిందనుకున్న గని, పొద్దుగూకంగనె నా కండ్లు ఆ గోడ దిక్కే పోయేటియి.

ఆ ఎండకాలం నేను ఒంటరిగున్నంత ఎన్నడూ లేను. నాలుగు దిక్కుల అడవి, నడుమ నా అర్ర. ఎడమపక్కకు ఒరిగితే చెవుల నా గుండె కొట్టుకునేది వినవడేది, అది వింటే భయమయ్యేది, భయమైతే ఇంక గట్టిగ కొట్టుకునేది. డాక్టరు ఫికర్ వద్దన్నడు గదా అని, ఫికర్ చేస్తున్ననేమో అని ఫికర్ చేసేది. బీడీ మానేసినంక చేతులేం చెయ్యాల్నో తెల్వకపోయేది. పొద్దుమూకి నడువమన్నడని అడవి అంచుదాంక నడిచిపోయి, మాట్లాడెటందుకు మనిషి లేక, ఎదురైన చెంచాయనకు కచేరి సంగతులు చెప్పిన. ఆయన ఓపిగ్గ విని, "ఇంటికి పో సారు, చీకటైతాంది" అన్నడు.

రోహిణి ఎండల్ల రేంజరు సాబు నన్ను ఫర్హాబాదు దిక్కు కట్టెల కోత చూసి రమ్మని పంపిండు. పొద్దంత ఎండల నడక, కడుపుల ఉప్పు లేని అంబలి. పొద్దు కుంకే యాళ్ళకు ఇల్లు చేరి, బాయిల బొక్కెన వేసిన్నో లేదో కండ్లు తిరిగినయి. తెలివొచ్చేసరికి బాయిగడ్డ మీద పండుకొని ఉన్న, నా తల ఖాలా తొడ మీద ఉన్నది, ఆమె చేతుల చెంబు ఉన్నది.

"నోరు తెరువు బేటా."

"ఏమున్నది అండ్ల?"

"సల్ల. తాగు."

"ఉప్పేసినవా?"

"ఉప్పెయ్యకపోతే సల్ల ఏంది?"

నేను పండ్లు బిగబట్టిన. "వద్దు ఖాలా. ఉప్పు వద్దు. డాక్టర్ సాబ్ వద్దన్నడు. ఉప్పు తింటే మా అమ్మ లెక్క పోత" అన్న. తర్వాత ఆపుకునుడు నాతోని కాలే. ముక్కుల నెత్తురు, పాదరసం డబ్బ, నకిరేకల్ సంబంధం, అన్నీ ఆ బాయిగడ్డ మీదనే చెప్పేసిన.

ఖాలా చెంబు కింద పెట్టింది.

"ఉప్పా నీకు పడంది?"

"అవు ఖాలా."

"నేను నా చెయ్యి అనుకున్న బేటా."

నాకు సమఝ్ కాలే. ఆమె కొంగుతోని కండ్లు ఒత్తుకుంట చెప్పింది. "ఏడాది సంది నా చేతి కూర తిన్నవు. ఈ రజాకార్ల గొడవ ముదిరినంకనే తినుడు మానేసినవు. పచ్చి కూరగాయ పంపి చూద్దామని వంకాయలు పంపిన. నవ్వుకుంట తీసుకున్నవు. అంటే వండిన చెయ్యే వద్దన్నట్టు గదా. మంది ఎట్ల తిరిగినా గీ పిలగాడు తిరగడనుకున్న, గీయన గూడ తిరిగిండు, ఇంక ఈ ఊర్ల నాకెవరున్నరు అనుకున్న."

నాకు సంబంధం తప్పిపోతదేమో అన్న ధ్యాస తప్ప ఇంకోటి లేకుండె. బయట దేశమంత హిందువులు, ముసల్మాన్లు అని చీలిపోతుంటె, నా ఉప్పు లేని పప్పు ఆ గోడకు అవతల ఎట్ల కనవడుతుందో నా బుర్రకు తట్టనే లేదు. చెంబు అందుకొని సల్ల తాగిన. ఉప్పు నాలుక మీద పడంగనె ప్రాణం లేచొచ్చింది. అది చూసి ఖాలా నవ్వింది. ఆమె నవ్వుతుంటె నాకు ఏడుపొచ్చింది.

ఆ వారమే ఆమె బుర్ఖా వేసుకొని నా వెంట మహబూబ్‌నగర్ వచ్చింది. డాక్టర్ సాబ్ సంగతంత విని తల పట్టుకున్నడు. "నేను ఉప్పు తగ్గియ్యమంటె నువ్వు సన్న్యాసం తీసుకున్నవు. ఎండల తిరిగే మనిషివి, మొత్తం బంద్ చేస్తే పడిపోవా? దగ్గరోళ్ళకు చెప్పమంటె అది మాత్రం చెయ్యలే" అన్నడు. ఖాలా ముసుగుల నుంచి "ఎంతెయ్యాలె సాబ్" అని చిటికెడు పట్టి చూపిచ్చింది. ఆయన అండ్ల సగం అన్నడు. ఆమె ఆ సగాన్ని వేళ్ళ నడుమ పట్టుకొనే బస్సెక్కిందని నేను తర్వాత అందరికి చెప్పి నవ్విచ్చేటోన్ని.

అటెన్క నా రోగం నా చేతులకెల్లి ఖాలా చేతులకు పోయింది. నిమ్మకాయ, ఎల్లిపాయ, వేయించిన నువ్వుల పొడి, వీటితోని ఉప్పు లేని లోటు కప్పిపెట్టుడు ఖాలా నేర్చింది. ఊరగాయ జాడి ఆమె ట్రంకు పెట్టెలకు ఎక్కి, దానికి తాళం పడ్డది. ఆమె గూడ నా కూరే తినేది. నువ్వెందుకు ఖాలా అంటె "రెండు కుండలు ఎవరు తోముతరు" అనేది. ఈద్ నాడు షీర్ ఖుర్మా చేసి, "దీంట్ల ఉప్పే ఉండది, తాగు" అని కండ్ల ముందల కూసోబెట్టి తాగిపిచ్చింది. అన్నిటికన్న కష్టం ఫికర్ లేకుండ చూసుడు. నేను పగటిపూట ఒరిగినప్పుడు గుమ్మంల పీట వేసుకొని కూసునేది. ఒకనాడు మా చప్రాసి రేడియో ఏదో వార్తతోని రొప్పుకుంట వచ్చిండు.

"గట్టిగ మాట్లాడకు. లోపల పేషెంటు ఉన్నడు" అన్నది ఖాలా.

"ముఖ్యమైన ఖబరు ఖాలా."

"మంచి ఖబరైతేనే లోపలికి పో."

రేడియో నిలబడి జర సేపు ఆలోచించి, ఏదీ దొరకక వాపసు పోయిండు.

వానకాలం ఆఖర్ల నాకు చలిజరం పట్టుకున్నది. వారం పైన మంచంల పడి ఉన్న. ఒక పగటిపూట ఖాలా కిచిడి తెచ్చింది. నోట్ల పెట్టుకుంటె ఉప్పు కసం. ఆమె దిక్కు చూసిన. ఆమె కిటికి దిక్కు చూస్తాంది.

"ఏమైంది ఖాలా?"

"ఏం కాలే. వాన."

ఆ కిచిడి మొత్తం తిన్న. ఆమె గూడ తిన్నది. ఉప్పు ఎక్కువైందని ఆమెకు తెల్వలేదంటె ఏదో పెద్దదే జరిగిందని తెలిసిపోయింది. సాయంత్రం గొంగడి కప్పుకొని కచేరిదాంక నడిచిన. కచేరి మీద వేరే జెండా ఎగురుతాంది. పోలీసు యాక్షన్ అయిపోయి అప్పటికే నాలుగు రోజులైందట. నిజాం సర్కారు పోయింది, దేశం మారింది, అమ్రాబాదుల ఆ సంగతి తెల్వని మనిషిని నేనొక్కన్నే. రేడియో నన్ను చూసి, "మొన్న గూడ నేను చెప్పుదామనే వచ్చిన సార్. మంచి ఖబరో చెడ్డ ఖబరో తేల్చుకోలేక వాపసు పోయిన" అన్నడు.

తెల్లారి నలుగురు మనుషులు మా గల్లీలకొచ్చిన్రు. మా ఊరోళ్ళు కాదు, ఘాట్ కిందికెల్లి వచ్చినోళ్ళు. చేతుల్ల కట్టెలున్నయి. ఖాలా గుమ్మం ముందు ఆగి, "గిది సాయిబులదేనా" అని నన్నడిగిన్రు. నేను బనీను మీద గొంగడి కప్పుకొని ఆ గుమ్మంలనే కూసున్న. నేను ధైర్యవంతున్ని కాను. అయినా లేచి నిలబడ్డ.

"గీ ఇల్లు నాది" అన్న.

"నువ్వు సాయిబువా?"

"కాదు. లోపలున్నది మా చిన్నమ్మ."

వాళ్ళల్ల పెద్దాయన నవ్విండు. ఆ నవ్వు చూసి నాకు కోపమొచ్చింది. నెలల సంది డాక్టరు మాట విని దాచిపెట్టుకున్న కోపమంత ఒక్కసారే వచ్చింది. ఏమన్ననో ఇప్పుడు యాదిలేదు, గొంతు మాత్రం గల్లీ చివరిదాంక వినవడ్డదట. అరుస్తుంటె పెదవి మీద వెచ్చగ అనిపిచ్చింది. ముక్కుల నెత్తురు. బనీను ముందంత ఎర్రగైంది. నలుగురు ఒక్క అడుగు వెనకకేసిన్రు.

"నిన్నెవడు కొట్టిండు?" అన్నడు పెద్దాయన. "మేం ముట్టలేదు గదా."

అప్పుడు తలుపు తెరుచుకున్నది. ఖాలా తడిబట్ట పట్టుకొని బయటికొచ్చి, నన్ను కూసోబెట్టి, ముక్కు పట్టి తల ముందుకు వంచి, వాళ్ళను చుట్టాల పిల్లలను కోప్పడినట్టు కోప్పడ్డది. "ఏం మనుషులయ్యా మీరు. ఆయనకు కోపం తెప్పియ్యొద్దని డాక్టరు చెప్పిండు. జరం మనిషి. కట్టెలు గోడకు పెట్టి ఒక బొక్కెన నీళ్ళు చేదుకరాన్రి."

వాళ్ళల్ల చిన్నోడు నిజంగనే కట్టె గోడకు పెట్టి నీళ్ళు చేదుకొచ్చిండు. పెద్దాయన "ఏం రోగమవ్వా" అని అడిగిండు. ఆమె చెప్పింది, నెత్తురు పోటు, ఉప్పు పడది, కోపం పడది అని. ఆయన చెవి గోక్కుంట, "మా నాయినకు గూడ గిట్లనే ముక్కుల నెత్తురు కారేది" అన్నడు. "ఉప్పు మానిపియ్యాల్నా?" ఖాలా వేళ్ళతోని చిటికెడు పట్టి, అండ్ల సగం చూపిచ్చింది. ఆయన అది చూసి, తలూపి, వాళ్ళను తోలుకొని పోయిండు. వాళ్ళు మలుపు తిరిగినంక ఖాలా నా పక్కన గుమ్మంల కూలబడి, నా గొంగడి కొస పట్టుకొని పొద్దెక్కెదాంక వణికింది.

దసరా నాటికి మహబూబ్‌నగర్‌ల ఉన్న ఆమె చెల్లె కొడుకు వచ్చి ఆమెను తీసుకపోయిండు. నన్ను అడిగే పోయింది. ఉండుమని నేనెట్లంట? బండెక్కేటప్పుడు ట్రంకు పెట్టె తాళం తీసి ఊరగాయ జాడిని రేడియోకు ఇచ్చేసింది, నా చేతికి మాత్రం ఇయ్యలేదు. "మంచిగ ఒరుగు, నడువు" అన్నది. బండి ఘాట్ దిగినంక నేను అర్రకొచ్చి అన్నం వండుకున్న. గోడకు అవతల చప్పుడు లేదు.

నకిరేకల్ పిల్లతోనే నా పెండ్లైంది. ముందుగాలనే నేను రోగం సంగతి చెప్పిచ్చిన. మా అత్త విని, "గదేనా, మా ఇంటాయనకు గూడ అరిస్తె మొఖం ఎర్రగైతది" అన్నదట. మా మామ నవ్విండట. పెండ్లికి ముందు ఒకసారి పరీక్షకు మహబూబ్‌నగర్ పోయిన. పనిలపనిగ ఖాలా ఉన్న గల్లీ వెతికిన. దొరికింది గని ఆమె దొరకలేదు. చెల్లె కుటుంబమంత హైద్రాబాదు పోయిన్రట, హైద్రాబాదుల ఎక్కడో ఎవరికీ తెల్వదు. అక్కడ ఒక ముసలాయన గుడ్డలు కుట్టుకుంట కూసున్నడు, ఆయన్ని రెండుసార్లు అడిగిన. రెండుసార్లు తెల్వదనే అన్నడు. ఎండల గల్లీలన్ని తిరిగి దవాఖానకు పోయిన.

డాక్టర్ సాబ్ బట్ట చుట్టి చూసి మొఖం చిట్లిచ్చిండు. "శాన ఎక్కువున్నది. ఎక్కడికెల్లి వస్తున్నవు?"

"ఒక మనిషిని వెతికిన సాబ్."

"దొరికిందా?"

"లేదు."

ఆయన బట్ట ఇప్పి మడిచిపెట్టి, "బయట బెంచీ మీద అరగంట నిమ్మళంగ కూసో. తగ్గుతది. మళ్ళ చూద్దాం" అన్నడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటినయి. గోలీలు ఏసుకుంట, నడుస్త, ఒరుగుత, ఇంట్లోళ్ళు కసిరితే నవ్వుత. అప్పుడప్పుడు ఆ దవాఖాన వరండా యాదికొస్తది. అంగీ గుండీలు సర్దుకొని, చేతులు తొడల మీద పెట్టుకొని, డాక్టరు చెప్పింది చెప్పినట్టు వింటున్న ఆ పిలగాడు, అప్పటి నేనే, ఆ బెంచీ మీద కనవడతడు. అరగంట కూసుంటె తగ్గుతదని నిజంగనే నమ్మిండు పాపం.